లెక్కలోకి రాని కొలత

14 జూన్ 2022

ఇన్నాళ్లు ఎదురుచూసిన మెషిన్ వచ్చింది. ప్రొఫెసర్ అమరేందర్ సార్ తన కారు వెనక సీట్లో పెట్టుకుని స్వయంగా తెచ్చారు. నకిరేకల్‌లో మా కాలేయ పరిశోధనకు ఇచ్చిన గదిలో బల్ల పక్కన నిలబెట్టాం. కుడివైపు పక్కటెముకల సందులో గొట్టంలాంటిది ఆనించి మీట నొక్కితే లోపల చిన్న తట్టు తడుతుంది. ఆ తట్టు కాలేయంలోంచి ఎంత వేగంగా పోయిందో చూసి, కాలేయం ఎంత గట్టిపడిందో అంకెలో చెబుతుంది. ఏడు లోపల ఉంటే మెత్తగా ఉన్నట్టు. పన్నెండు దాటితే లోపల మచ్చలు కట్టినట్టు.

టెక్నీషియన్ సతీశ్‌కు చెయ్యి ఇంకా కుదరలేదు. ఎవరినైనా పడుకోబెట్టి నేర్చుకోండి, ఇవాళ్టివి లెక్కలోకి రావు అని సార్ చెప్పి, ఫోన్ వస్తే బయటికి వెళ్లారు. అదే సమయానికి మా ఆయన కమలాకర్ నా టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చాడు. పొద్దున హడావుడిలో మర్చిపోయాను. పిండి గిర్ని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమ్మల మీద కూడా జొన్నపిండి.

"రా అన్నా, జర పండుకో. ఏం కాదు, చీమ కుట్టినట్టు కూడ ఉండది" అని సతీశ్ బల్ల ఎక్కించాడు.

14.6 వచ్చింది. కొవ్వు ఎంతో చెప్పే ఇంకో అంకె మెషిన్ చూపగలిగినంత పైకి పోయింది. ఆ సంగతి ఆ పొట్ట చూస్తేనే తెలుస్తుంది.

"ఏమన్న తిని వచ్చినవా అన్నా?"

"నాలుగు పూరీలు తిన్న. గంట కూడ కాలె."

"గందుకే ఎక్కువ వచ్చింది. మూడు గంటలు ఖాళీ కడుపుతోని ఉండాలె."

సతీశ్ దాన్ని చెరిపేసి, రెండోవాడిగా వాచ్‌మన్‌ను పిలిచాడు. కమలాకర్ చొక్కా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఒకరోజు పరగడుపున మళ్లీ తీయించాలి.

15 జూన్

ఇవాళ నన్ను పడుకోబెట్టారు. 4.9. నేనూ తినే ఉన్నాను. ఉప్మా. కొంచెమే.

2 జూలై

ఆరు ఊళ్లలో ఇంటి నంబర్లు చీటీలు తీసి ఎంచారు. మా కేతేపల్లి కూడా ఉంది. ఆరువందల పన్నెండు మంది. తాగుడు అలవాటు లేనివాళ్లే కావాలి. కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లలో ఎందరికి మచ్చలు పడుతున్నాయి, మచ్చలు పడ్డవాళ్లలో ఎందరికి కాన్సర్ దాకా పోతోంది, రెండేళ్లు చూడాలి. పనిచేసే సిబ్బంది ఇళ్లు మాత్రం వదిలేయాలని నియమం.

ఇంట్లో చెబితే కమలాకర్ నవ్వాడు. "ఊరందరి కార్జాలు చూస్తవ్. నా కార్జం పనికిరాదా?"

"నీది చూసినం గదా."

"ఏమచ్చింది మరి?"

"పూరీలు వచ్చినయ్" అన్నాను.

19 జూలై

మా పక్కవీధి గుర్వమ్మ ముందు ఒప్పుకోలేదు. "తాగెటోళ్లకు వచ్చే రోగం నాకెందుకొస్తది? నేను కల్లు బొట్టు కూడ ముట్టలే. మంది సూస్తే ఏమనుకుంటరు?"

ఆమెకు బొమ్మల పుస్తకం విప్పి చూపించాను. మొదటి బొమ్మలో కాలేయం ఎర్రగా నున్నగా ఉంటుంది. రెండో దాంట్లో పసుపుపచ్చగా, కొవ్వు పట్టి. మూడోది గరుకుగా, మచ్చలతో. నాలుగో దాంట్లో గడ్డ. "తాగకున్నా వస్తది అవ్వా. షుగరున్నోళ్లకు, పొట్టున్నోళ్లకు, కూసొని పనిచేసెటోళ్లకు ఎక్కువ. మొదట్ల నొప్పి ఉండది, ఏం తెల్వది. తెలిసేటాలకు ఆలస్యమైతది. అందుకే ముందే చూసుకోవాలె."

గుర్వమ్మ బొమ్మలు చూసి, "షుగరు, పొట్ట, కూసొని పని. అంటే నీ పెనిమిటి లెక్కనా?" అంది.

నవ్వాను. ఆమె కూడా నవ్వి వేలిముద్ర వేసింది.

8 ఆగస్టు

మెషిన్ మూడు నెలలు మహబూబ్‌నగర్ వాళ్లకు. అక్కడి ఊళ్లు అయ్యాక మాకు తిరిగొస్తుంది. వచ్చాక తీయించాలి.

17 నవంబర్

మెషిన్ వచ్చింది. పరగడుపున రమ్మంటే సరేనన్నాడు. తీరా పొద్దున్నే గిర్ని దగ్గర ఆడవాళ్లు డబ్బాలతో వరుస కట్టారు. పది గంటలకు ఫోన్ చేస్తే, "రెండుసార్లు చాయ్ తాగిన, బిస్కెట్లు తిన్న. ఇంకోనాడు చూద్దాం తీయ్" అన్నాడు. ఆ ఇంకోనాడు ఎప్పుడని నేనూ అడగలేదు. బయట ఇరవైరెండు మంది కూర్చుని ఉన్నారు.

23 జనవరి 2023

నాలుగు రోజుల కిందట నల్లగొండలో మీటింగ్. పన్నెండు దాటినవాళ్లు నలభై ఒక్కమంది తేలారు. సార్ బోర్డు మీద ఆ అంకె రాసి చుట్టూ గీత గీశారు.

"వీళ్లే మన అసలు బాధ్యత. వీళ్లలో ఏడాదికి వందలో ఒకరికో ఇద్దరికో గడ్డ మొదలవుతుంది. ఆరు నెలలకోసారి పొట్ట స్కానింగ్ చేయిస్తే చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. దొరికితే ఏదో ఒకటి చేయగలం. పెద్దదయ్యాక ఏమీ చేయలేం. ఒక్కర్ని కూడా వదలొద్దు."

మూడు రోజులు కూర్చుని నలభై ఒక్కమందికీ నేనే ఫోన్లు చేశాను. కొందరికి నాలుగేసి సార్లు. ఒకాయన తిట్టాడు. ఒకామె ఫోన్లోనే ఏడ్చింది. ఫోన్ ఎత్తని వాళ్ల ఇళ్లకు పోయి వచ్చాను.

కమలాకర్‌ది వేరే సంగతి. అతను తిని వచ్చాడు.

9 ఏప్రిల్

షుగర్ ఎక్కువగానే ఉంది. రాత్రిపూట అన్నం మానిపించాను. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. పొద్దున లేచి మూసీ కాలువ గట్టు మీద నడవమన్నాను. గొణుగుతూనే బూట్లు కొన్నాడు. అవి వేసుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే మా అమ్మాయి వర్షిత పడీపడీ నవ్వింది. "బాపు పోలీసు సెలెక్షన్లకు పోతాండు" అంది.

30 జూలై

ఆరు కిలోలు తగ్గాడు!

ఇవాళ గ్రామపంచాయతీ దగ్గర మా అవగాహన సభ. కమలాకర్‌ను ముందుకు పిలిచి నిలబెట్టాను. "మందులు లేవు, మాయ లేదు. నాలుగు నెలల్ల ఆరు కిలోలు. మా ఆయనతోని అయినప్పుడు మీతోని ఎందుకు కాదు?" అన్నాను. చప్పట్లు కొట్టారు. సిగ్గుపడి చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాడు పాపం.

దిగేటప్పుడు గుర్వమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మొకం గుంజుకపోయింది బిడ్డా పిలగానిది. ఏదో తీర్గ ఉన్నడు."

"కొవ్వు కరిగితే మొదట్ల గట్లనే ఉంటది అవ్వా" అని చెప్పాను.

27 ఆగస్టు

ఎనిమిది కిలోలు. బెల్టుకు మేకుతో కొత్త బొక్క పొడిచాను.

12 సెప్టెంబర్

రొట్టె సగం తిని పక్కన పెట్టాడు. ఆకలి లేదట. నడక ఎట్లా ఉందంటే, "నడుస్త లేను. నెల దాటింది. గట్టు ఎక్కుతనే ఆయాసమస్తాంది" అన్నాడు.

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు అందరికీ చెప్పుకున్నవ్ గదా. ఇజ్జత్ పోతదని చెప్పలే."

నెల రోజులుగా నడవడం లేదు. అయినా తగ్గుతున్నాడు. గిర్నిలో పని ఎక్కువైనట్టుంది. పండుగ ముందు అట్లాగే ఉంటుంది.

5 అక్టోబర్

నొప్పి. మూడు రోజుల నుంచి ఉందట. గోధుమల బస్తా ఎత్తితే పట్టేసిందని అంటున్నాడు. నేనే జండూబామ్ రాశాను. కుడివైపు, పక్కటెముకల కింద. రోజుకు ఇరవైమందికి నేను వేలు పెట్టి గుర్తు గీసే చోటు అది. నా వేళ్లకు గట్టిగా తగిలింది. కండరం పట్టేసి ఉంటుంది.

11 అక్టోబర్

రేపు నల్లగొండ పోతున్నాం.

12 అక్టోబర్

స్కానింగ్ డాక్టర్ మొదట మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ ఊరు, ఏం పని అని అడిగాడు. గిర్ని అని కమలాకర్ చెబుతుండగానే డాక్టర్ మాట ఆగిపోయింది. ఒకేచోట గొట్టాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తెర నాకు కనబడుతోంది. ఏడాదిగా రిపోర్టులు చదువుతున్నాను కాబట్టి కొంత అర్థమవుతుంది. అర్థం కాకూడదనుకుంటూ చూశాను.

తొమ్మిది సెంటీమీటర్లు.

"ఇంతకుముందు ఎప్పుడైనా చూపించారా లివర్?" అని అడిగాడు.

"లేదు సార్" అన్నాను.

కమలాకర్ బల్ల మీద నుంచి తల తిప్పి నా వైపు చూశాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "అన్నం తిందామా నకిరేకల్‌ల? రొట్టెలు తిని తిని నాలుక సచ్చిపోయింది" అన్నాడు. దిగి తిన్నాం. పెరుగన్నం నాలుగు ముద్దలు తిని లేచాడు.

19 అక్టోబర్

హైదరాబాద్ పెద్ద దవాఖాన. గడ్డ పెరిగి కాలేయంలోకి పోయే పెద్ద రక్తనాళంలోకి దిగిందన్నారు. కోయడానికి లేదు. కాలేయం మార్చడానికి కూడా లేదు. రోజూ మింగే గోళీలు రాశారు. తగ్గించడానికి కాదట, కొంచెం ఆపడానికి.

"ఎన్ని దినాలు సార్?" అని కమలాకర్ నేరుగా అడిగాడు.

ఆ డాక్టర్ చిన్నవాడు. కళ్లు దించి, "ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది. నెలల్లోనే అనుకోండి" అన్నాడు.

"నేను తాగను సార్. ఆ ముచ్చట మీకు తెల్సా? మా పెండ్లిల కూడ తాగలే."

"తెలుసండీ. తాగకపోయినా వస్తుంది."

నేను ఎంతమందికి చెప్పిన మాటో అది.

28 అక్టోబర్

ఊళ్లో తెలిసిపోయింది. కార్జం ఖరాబైందంటే అందరికీ ఒకటే తోస్తుంది. నీళ్ల బోరింగు దగ్గర ఎవరో, "గిర్ని వెనుక రూముల చాటుగ తాగుతుండె కావచ్చు. లేకుంటే గట్లెట్ల వస్తది" అన్నారట. అత్తమ్మ విన్నది. డెబ్బై ఏళ్ల మనిషి బిందె నేలకేసి కొట్టి, "నా కొడుకు నోట్లె నుంచి ఎన్నడన్న వాసన చూసిన్రా? చూసినోళ్లు ముందటికి రండ్రి!" అని అరిచిందట. ఎవరూ రాలేదు. నమ్మనూ లేదు.

ఇంటికొచ్చి నన్ను పట్టుకుంది. "నువ్వు చెప్పరాదు? నువ్వు దవాఖాన మనిషివి గదా. నీ మాట ఇంటరు."

అత్తమ్మ పేరు అమృతమ్మ. ముప్పైఏళ్లకే భర్త పోతే, ఆ భర్త కల్లుతోనే పోతే, కొడుకుతో ఒట్టు వేయించుకుంది. కమలాకర్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు.

6 నవంబర్

అమరేందర్ సార్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ప్రాక్టీసు రోజు సంగతి. అంకె కూడా.

సార్ కుర్చీలోంచి లేచి తలుపు వేశారు. "సతీశ్ నాకు చెప్పలేదే" అన్నారు.

"తిని వచ్చిండని చెరిపేసిండు సార్. నేనే మళ్లీ తీయిద్దామనుకున్న."

"తింటే పెరుగుతుంది. కానీ ఎంతని పెరుగుతుంది నిరోషా, రెండో మూడో. మామూలు కాలేయం పూరీలు తిన్నంత మాత్రాన పద్నాలుగు చూపించదు." నా ముఖం చూసి ఆగారు. "అప్పుడు స్కానింగ్ చేయించినా ఏమీ కనబడకపోయేదేమో. చెప్పలేం."

"జనవరిల చేయించి ఉంటే సార్?"

సార్ పేపర్‌వెయిట్ అటు పెట్టి ఇటు పెట్టారు. చివరికి, "ఆ రోజు నేను బయటికి వెళ్లకుండా ఉండాల్సింది" అన్నారు. ఆయన తప్పు తీసుకుంటుంటే నాకు కొంచెం తేలికైంది. ఒక్క నిమిషం. బస్టాండు దాకా కూడా లేదు.

14 నవంబర్

మధ్యాహ్నం కరెంటు పోయి గిర్ని ఆగింది. ఇప్పుడు గిర్ని నడిపేది జీతానికి పెట్టిన మనిషే. అయినా కమలాకర్ పోయి కుర్చీలో కూర్చుంటాడు. ఆ జీతపు మనిషి బయటికి వెళ్లాక, పక్కన ఖాళీ బస్తాల మీద కూర్చుని చెప్పేశాను.

మొత్తం విన్నాడు.

"ఎంత వచ్చింది ఆనాడు?"

"పద్నాలుగు పాయింట్ ఆరు."

"ఎంత దాటితే ఫోన్ చేస్తరు మీరు?"

"పన్నెండు."

"ఆ నలభై మందికి చేసినవా?"

"నలభై ఒకటి. చేసిన."

"అందరు చూపించుకున్నరా?"

"చూపించుకున్నరు."

కరెంటు వచ్చింది. మోటారు పట్టా తిరగడం మొదలైంది. ఆ చప్పుడులో ఏదో అన్నాడు, వినబడలేదు. దగ్గరికి వంగాను.

"వర్షితకు చెప్పకు" అన్నాడు.

15 నవంబర్

మాట్లాడలేదు.

16 నవంబర్

మాట్లాడలేదు. గోళీ ఇస్తే తీసుకున్నాడు.

18 నవంబర్

మాట్లాడాడు. గిర్ని పట్టా సాగిందని, మార్పించమని. అంతే.

క్షమించాడనే అనుకుంటున్నాను. అతను కోపం పట్టే మనిషి కాదు.

10 డిసెంబర్

సార్, సతీశ్ ఇంటికొచ్చారు. తాగుడు లేనివాళ్లకు వచ్చే కాలేయ కాన్సర్ మీద సార్ కొత్త పరిశోధన మొదలుపెడుతున్నారు. సూదితో గడ్డ ముక్క, నాలుగు సీసాల రక్తం కావాలి. అడగడానికి ఆయనకు మొహం చెల్లడం లేదు. మూడుసార్లు మంచినీళ్లు తాగారు.

సమ్మతి పత్రం పూర్తిగా చదివి వినిపించాలని నియమం. సతీశ్ విప్పాడు. కమలాకర్, "నువ్వాగు. ఆమె సదువుతది. ఆమెకు అలవాటే" అన్నాడు.

చదివాను. ఆరువందల ఇళ్లలో చదివిన మాటలే. మీ ఇష్టం మేరకే. ఎప్పుడైనా విరమించుకోవచ్చు. మీ పేరు గోప్యంగా ఉంచబడుతుంది. "ఈ పరిశోధన వల్ల మీకు నేరుగా ఎలాంటి ప్రయోజనం ఉండకపోవచ్చు. భవిష్యత్తులో ఇతరులకు మేలు జరగవచ్చు." ఆ చోట ఆగాను. అతను ఓపిగ్గా ఎదురుచూశాడు. మొత్తం చదివాను.

"వద్దు సార్" అన్నాడు కమలాకర్.

సార్ వెంటనే, "ఫర్వాలేదండీ, ఫర్వాలేదు" అన్నారు.

"కోపంతోని అంట లేను. సూదులకు నాకు సత్తువ లేదు. ఒక పని చేయండ్రి. ఆనాడు మెషిన్ల వచ్చింది గదా, పద్నాలుగు పాయింట్ ఆరు. అది రాసుకోండ్రి. తారీఖుతో సహా. ఇగో ఈనాడు గిట్లున్న అని కూడ రాయండ్రి. అది రాస్తే సాలు, నాది లెక్కల ఉంటది."

సార్ సతీశ్ వైపు చూశారు, సతీశ్ నేల వైపు చూశాడు. "అప్పుడు మీ సంతకం తీసుకోలేదండీ. పైగా సిబ్బంది కుటుంబం. రాయడానికి నిబంధన ఒప్పుకోదు. నేను రాసినా పైవాళ్లు తీసేస్తారు."

"ఓహో" అన్నాడు కమలాకర్. "అయితే చాయ్ తాగి పోండ్రి."

నేను చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. సమ్మతి పత్రం చివర ఒక గడి ఉంటుంది, నిరాకరించారు అని. సతీశ్ దాంట్లో టిక్ పెట్టుకున్నాడు.

2 జనవరి 2024

కళ్లు పచ్చబడ్డాయి. కడుపు నిండా నీరు. నల్లగొండలో తీయించుకొచ్చాం, నాలుగు లీటర్లు. వారంలో మళ్లీ నిండుతుందన్నారు.

9 జనవరి

నిండింది.

17 జనవరి

మనిషి ధ్యాస మాటిమాటికీ ఎటో పోతోంది. కాలేయం విషాన్ని వడకట్టకపోతే అది మెదడుకు ఎక్కుతుంది. బొమ్మల పుస్తకంలో ఆ బొమ్మ లేదు.

ఇవాళ మంచం దగ్గర నన్ను చూసి, "ఏం తెచ్చినవమ్మా? జొన్నలా, గోధుమలా?" అన్నాడు.

"నేను, నిరోషను."

"జర ఆగాలె. నీకంటె ముందు శానామంది ఉన్నరు" అన్నాడు, మర్యాదగా.

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. నేను, సరే, ఆగుతాను అన్నాను.

26 జనవరి

నల్లగొండ హాస్టల్ నుంచి వర్షిత వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. పుస్తకాలు తెచ్చుకుంది, విప్పలేదు. వాళ్ల బాపు కాళ్లు వాచి మెరుస్తుంటే నూనె రాస్తూ కూర్చుంది. కాసేపు తెలివిలోకి వచ్చి, "ఏ సబ్జెక్టు కష్టముంది బిడ్డా?" అని అడిగాడు. ఫిజిక్స్ అంది. "నాకు కూడ గదే" అన్నాడు. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. అది విని ఆమె నవ్వింది, అతనూ నవ్వాడు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

3 ఫిబ్రవరి

పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు.

4 ఫిబ్రవరి

బూట్లు ఎవరికో ఇచ్చేశారు. ఎవరు ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో తెలియదు.

21 ఫిబ్రవరి

కర్మకాండలన్నీ అయ్యాయి. వర్షిత రేపు హాస్టల్‌కు పోతుంది. బట్టలు మడతపెడుతుంటే అడిగింది.

"మమ్మీ, నువ్వు ఆ మెషిన్ మీదనే పనిచేస్తవ్ గదా. బాపుకు ఒక్కసారన్న ఎందుకు చూడలే?"

"సిబ్బంది ఇండ్లు వదిలెయ్యాలని రూలుండె" అన్నాను.

"లెక్కల కోసం కాదు. ఉట్టిగ చూడచ్చు గదా."

ఆమె చున్నీ తీసి మళ్లీ మడతపెట్టాను. అదివరకే మడతపెట్టి ఉంది.

"అనుకున్న బిడ్డా. మీ బాపుకు తీరిక దొరకలే."

ఒప్పుకున్నట్టు తల ఊపింది. ఆ మాట రాస్తుంటే కూడా చెయ్యి ఆగలేదు. అతనికి తీరిక దొరకలేదు. అది అబద్ధం కాదు. నవంబర్‌లో గిర్ని దగ్గర నిజంగానే వరుస ఉంది.

చెప్పవద్దని అతనే అన్నాడు. ఎవరి కోసం అన్నాడో నేను అడగలేదు. నా కోసమే అన్నాడని అనుకోవాలనిపిస్తుంది. పిల్లకు ఒక్క మనిషైనా మిగలాలని అని ఉంటాడు. అట్లాంటప్పుడు అది క్షమించడం కాదు.

4 మార్చి

పనిలోకి వెళ్లాను. సతీశ్ నా కుర్చీ తుడిచి పెట్టాడు. ఇద్దరం పనికి సంబంధించినవే మాట్లాడుకున్నాం. నలభై ఒక్కమందికి మూడో విడత స్కానింగులు. ఫోన్లు చేశాను. అందరూ ఎత్తారు. ఎవరూ తిట్టలేదు. తిట్టిన ఆయన కూడా, "వస్తనమ్మా, తప్పకుండ వస్త" అన్నాడు. నా సంగతి తెలిసినట్టుంది.

30 మార్చి

బొమ్మల పుస్తకం చెప్పలేకపోతున్నాను. రెండో బొమ్మ దాటాక మాటలు రావడం లేదు. సార్‌తో చెబితే, కొన్నాళ్లు కంప్యూటర్ పని చేయమన్నారు.

6 మే

అత్తమ్మ గిర్నిలో కూర్చుంటోంది. వచ్చిన ప్రతి మనిషికీ కమలాకర్ తాగలేదని చెబుతోంది. వాళ్లు అవునవును అని పిండి పట్టించుకుని పోతున్నారు. ఇద్దరు ముగ్గురు ఈమె సొద పడలేక నకిరేకల్ గిర్నికి పోతున్నారట. పోనీ అన్నాను. మాన్పించడానికి నేనెవరిని.

20 జూన్

నల్లగొండలో ప్రాజెక్టు ముగింపు సభ. రెండేళ్లు అయిపోయాయి. మహబూబ్‌నగర్ వాళ్లూ వచ్చారు. హైదరాబాద్ నుంచి పెద్దవాళ్లు నలుగురు. సార్ తెర మీద అంకెలు చూపించారు. ఆరువందల పన్నెండు మంది. కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లు ఇంతమంది, మచ్చలు పడ్డవాళ్లు ఇంతమంది. చివరికి ఒక వాక్యం, ఒంటరిగా, పెద్ద అక్షరాల్లో:

ఈ రెండేళ్లలో ఎవరికీ కాన్సర్ నిర్ధారణ కాలేదు.

దాన్ని చదివేటప్పుడు సార్ తెర వైపే చూశారు. తర్వాత మంచినీళ్లు తాగి, నన్ను లేచి నిలబడమన్నారు. "ప్రమాదంలో ఉన్న నలభై ఒక్కమందిలో ఒక్కరు కూడా తప్పిపోకుండా చూసుకున్నది ఈమే. ఇలాంటి ఫీల్డ్ వర్కర్లు ఉంటేనే పరిశోధనలు సాగుతాయి" అన్నారు. ఆయన మంచి మనిషి. నాకు ఏదో ఇవ్వాలని చూశారు, ఆయన దగ్గర ఉన్నది అదే.

చప్పట్లు కొట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక మేడమ్ నా చేతులు రెండూ పట్టుకుంది. నమస్కారం పెట్టాను. అందరూ కూర్చునేదాకా నిలబడే ఉన్నాను.

బస్సు దిగేసరికి ఎండ ఇంకా ఉంది. అత్తమ్మ గిర్ని మూసి అరుగు మీద కూర్చుని నా కోసమే చూస్తోంది. పొద్దున పోయేటప్పుడు పెద్ద డాక్టర్లందరూ వస్తారని, అంతా పుస్తకంలో అచ్చు వేస్తారని చెప్పాను. ఎందుకు చెప్పానో.

"అయిందా బిడ్డా మీటింగు?"

"అయింది అత్తమ్మా."

"మావోని ముచ్చట వచ్చిందా?"

చెప్పులు విప్పుతూ ఉన్నాను. ఒకటి విప్పాను, రెండోది రాలేదు.

"వచ్చింది."

"తాగలేదని రాసిన్రా? తాగకుండనే వచ్చిందని రాసిన్రా?"

"రాసిన్రు" అన్నాను.

"పేరుతోని?"

"పేరుతోనే. కేతేపల్లి కమలాకర్ అని."

అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి ఎవరికో దండం పెట్టింది. ముఖమంతా తడిసిపోయింది. ఇన్ని నెలల్లో ఆమె నా భుజం మీద చెయ్యి వేయడం ఇదే మొదటిసారి. లోపలికి పోయి కాళ్లు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చింది.

"ఎటు?" అన్నాను.

"గుర్వమ్మకు చెప్పొస్త. బోరింగు కాడికి కూడ పోయొస్త" అంది.

కర్ర పట్టుకుని వీధి మలుపు దాకా గబగబా నడిచింది. పిలిచి ఆపాలంటే ఇంకా సమయం ఉంది. నేను పిలవలేదు.

ఇప్పటికి మూడో ఇంట్లో చెబుతోంది.